ష్వెస్టర్ అంటే

టీచర్ గారికి నమస్కారం.

జర్మన్ పరీక్షకు నేనెందుకు రాలేదో కనుక్కోమన్నారట. ఒంట్లో బాగానే ఉందండి. నమూనా పరీక్షలన్నీ పూర్తి చేశాను. వినే భాగంలో నాకే ఎక్కువ మార్కులని మీరు మెచ్చుకున్నాక, బేకరీలో పిండి కలుపుతూ కూడా ఆ మాటలే వల్లించుకున్నాను. పాసైతే జర్మనీలో ఉన్న మా ఆయన దగ్గరికి వెళ్ళడానికి వీసా వస్తుందని ఆశ.

ముందురోజు ఆయన ఫోన్ చేశారు. "ఇంకో ఏడాది ఆగు, ఇక్కడ గది మరీ ఇరుకు" అన్నారు. అంతలో వెనక నుంచి ఒకావిడ గొంతు వినిపించింది. "ఎవరితో మాట్లాడుతున్నావు? రా, భోజనం చల్లారిపోతోంది" అని జర్మన్‌లో పిలిచింది. ఆయనా జర్మన్‌లోనే "మా ష్వెస్టర్‌తో" అన్నారు. నేనింకా అక్షరాల దగ్గరే ఉన్నాననుకున్నారు కాబోలు.

"సరేనండీ" అని పెట్టేశాను. మర్నాడు పరీక్ష హాలు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను.

అక్కకైనా చెల్లికైనా అక్కడ ఆ ఒక్క మాటేనని మీరే చెప్పారు. ఇంత శ్రద్ధగా నేర్చుకోకపోయినా బాగుండేది. అయినా నాకు వచ్చింది మొదటి మెట్టు జర్మనే కదా. మీ పెద్ద నిఘంటువులో ఒక్కసారి చూసి చెప్పండి. ఆ మాటకు భార్య అనే అర్థం కూడా ఎక్కడైనా ఉందా?

మీ విద్యార్థిని