పేరు కొట్టించిన పింగాణీ మగ్గు

గోపాలపట్నం,
12-8-84

అమ్మా, ఇక్కడ మేమంతా కులాసా.

రిపేరు చేసిన హెలికాప్టరు ఎక్కి మీ అల్లుడు కూడా ఎగురుతున్నారని బెంగపడుతూ రాశావు. విను. ఆయన మెకానిక్కుల జట్టుకి చీఫ్ అయ్యారని, కింద పనిచేసే కుర్రాళ్లు హెలికాప్టరు బొమ్మ, 'క్రూ చీఫ్' అనే ఇంగ్లీషు అక్షరాలు ఉన్న పింగాణీ మగ్గు ఇచ్చారు. పేరుంటేనే కదా మనదని తెలిసేది! కంచరపాలెంలో గిన్నెల కొట్టుకి పట్టుకెళ్లి ఆయన పేరు కొట్టమన్నాను. "పగిలిపోద్దమ్మా, ఒద్దు" అన్నాడు కొట్లో అతను. విన్నానా? నీ కూతుర్నే కదా. రెండో అక్షరానికే బీట వేసింది.

ఆయన ఆ మగ్గుని బంకతో అతికించి, నిండా నీళ్లు పోసి, పేపరు మీద పెట్టి పడుకున్నారు. పొద్దున్నకి పేపరు కాస్త తడిసింది. "సుక్క కారినా నాను పాస్ సెయ్యను" అని, ఆ మగ్గులో దువ్వెనలు పెట్టేశారు. కారే మగ్గులో టీ కూడా పోసుకోని మనిషి, అనుమానమున్న హెలికాప్టరు ఎక్కుతారా? ఇంక కొత్త మొక్కులు మొక్కకు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడు వచ్చేటప్పుడు ఒక స్టీలు గ్లాసు పంపు. పేరు అక్కడే కొట్టించు. ఇక్కడ ఆ కొట్లో అతనికి నా మొహం చూపించలేను.

నాన్నకి నా దండాలు, తమ్ముడికి దీవెనలు.

గౌరీశ్వరి