పదహారు గళ్ళు, ఒక మంట

అంగళ్లు, కాలేజీ హాస్టల్
9 జనవరి 2005

శ్రమనే నమ్ముకున్న కళాకారుడు వెంకటముని మామకు,

హరినాథ్ ఉద్యమాభివందనాలు. పోయిన నెల తుంపర్లో రామకుప్పం వచ్చి, మీ పలక డప్పు మీద పదహారు రకాల దెబ్బలు టేపులో పట్టుకుపోయిన ఇంజనీరింగ్ విద్యార్థిని. మామా, పని అయిపోవచ్చింది. దీన్ని సాంప్లర్ అంటారు. మీరు కొట్టిన ఒక్కో దెబ్బ కంప్యూటర్ తెర మీద ఒక్కో గడిలో ఉంటుంది. గడి నొక్కితే ఆ దెబ్బ మోగుతుంది. పలక కొనలేని మనిషి కూడా ఇక పలక వాయిస్తాడు. కళ ఏ ఒక్కరి సొత్తూ కాదని నేను చదివిన కరపత్రాలన్నీ చెబుతున్నాయి. చేసి చూపిస్తున్నది మాత్రం నేనే.

తెర ఎలా ఉంటుందో గీసి ఇందులో పెట్టాను. నాలుగు వరసలు, వరసకు నాలుగు గళ్ళు, అన్నీ ఒకే కొలత. పెద్ద గడి, చిన్న గడి అనే మాట నా తెర మీద ఉండదు. ఏ గడిలో ఏ దెబ్బ ఉండాలో మీరే తేల్చి రాయండి.

మార్చి పదిన పరీక్షకులు వస్తారు. మా ప్రాజెక్టు గైడు రామమూర్తి సారు లైబ్రరీ పుస్తకాల ప్రోగ్రాము చెయ్యమంటే, ఆయనతో పోట్లాడి ఇది ఎత్తుకున్నాను. ఇది తప్పితే నా డిగ్రీ ఆగిపోతుంది.

సమానత్వంతో,
హరినాథ్

తా.క.: అన్ని గళ్ళ శబ్దాన్నీ ఒకేసారి తగ్గించే మీట ఒకటి ఉంటుంది. దాని పేరు మాస్టర్ అట. నా తెర మీద దొరలకు చోటు లేదు కాబట్టి తీసేశాను. మరి శబ్దం ఎలా తగ్గిస్తావని సారు అడిగారు. పదహారు గళ్ళనూ విడివిడిగా ఒప్పించాలని చెప్పాను.

*

రామకుప్పం
20 జనవరి

చిరంజీవి హరినాథప్పకు,

వెంకటముని రాసేది. ఈడ మనుషులం, పలకలం అందరం బాగుండాము. ఆడ నువ్వు, నీ కంప్యూటరు బాగుండారని తలుస్తా ఉండాను.

బొమ్మ సూసినాను. నాలుగు వరసలు, వరసకి నలుగురు. ఊరేగింపుకి సక్కంగా ఉండాది. కానీ అప్పా, మా మేళంలో ఉండేది ఏడు మందే. పదహారు మందిని యాడ తెచ్చేది? గుడుపల్లెకి కబురు పెడితే అయిదు మంది వస్తామన్నారు. కుప్పం నించి నలుగురు. సరిపోయినారు. రెడ్డెప్పకి ఎడమ చెవి ఇనపడదు. వాణ్ణి ఎడమ కొస గడిలో పెట్టినాను, మార్చొద్దు.

ఒక్కటే తప్పు. నీ బొమ్మలో మంట లేదు. మంట యాడ?

ఇట్లు, పదహారు మంది తరపున,
వెంకటముని

తా.క.: బొజ్జలుండేవాళ్ళు ముగ్గురుండారు. వరసల నడమ ఇంకొంచెం జాగా ఇడువు.

*

అంగళ్లు
28 జనవరి

వెంకటముని మామకు,

మీ ఉత్తరం చదివి నా రక్తం మరిగింది. మీ మీద కాదు, మీకు ఈ విద్య అందకుండా చేసిన వ్యవస్థ మీద.

గడి అంటే మనిషి కాదు మామా. గడి అంటే దెబ్బ. ఆ పదహారు దెబ్బలూ మీరు ఒక్కరే కొట్టినవి. ఎవరూ రానక్కర్లేదు, నా వేలు ఒక్కటి చాలు. దయచేసి ఆ పదహారు మందికీ వద్దని చెప్పండి.

ఇక మంట. చేత్తో కొడితే మోగేదానికి మంటెందుకు? మంటకు మొక్కి గానీ మొదలుపెట్టకూడదనే ఆచారమైతే, అలాంటి ఆచారాల మీద నలభై పేజీల కరపత్రం ఉంది. పదహారు ప్రతులు పంపుతున్నాను. అందరూ చదవండి.

సమానత్వంతో, కాస్త కోపంతో,
హరినాథ్

తా.క.: గళ్ళ మధ్య జాగా పెంచాను. బొజ్జల కోసం కాదు. చూడ్డానికి బాగుంది.

*

రామకుప్పం
11 ఫిబ్రవరి

హరినాథప్పకు,

కరపత్రాలు అందినాయి. మంచి కాయితం. ఒక్క అగ్గిపుల్లకే అంటుకునింది. పలకలన్నీ బాగా కాగినాయి.

మొక్కేదానికి కాదప్పా మంట. తోలు సల్లబడితే పలక మొద్దుబారి పోతాది. కాస్తే బిగుస్తాది. అరగంటకోసారి కాయల్ల.

పదో తేదీకి వస్తాండాము. పుంగనూరులో బస్సు మారల్లంట.

వెంకటముని

తా.క.: పలకలు కాగేటప్పుడే మేము బీడీ తాగేది. ఆ అయిదు నిమిషాలు ఎవురూ మమ్మల్ని పిలవగూడదు.

*

అంగళ్లు
12 మార్చి

నా గురువు వెంకటముని మామకు,

మొన్న మీరు బస్సుకు టైమైందని వెళ్ళిపోయారు, లోపల ఏం జరిగిందో చెప్పలేకపోయాను.

పరీక్షకుల ముందు మొదటి గడి నొక్కాను. తడి గోనెసంచిని కొట్టినట్టు 'దుబ్' అంది. రెండోది నొక్కాను. ఇంకో గోనెసంచి. ఇన్నాళ్ళూ హాస్టల్ గదిలో చిన్న స్పీకర్లో వింటూ అదే పలక శబ్దమని మురిసిపోయాను. పదహారూ అయ్యాక పెద్ద పరీక్షకుడు అద్దాలు తీసి, "ఇది ఏ వాద్యం బాబూ?" అన్నాడు. రామమూర్తి సారు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటూ, హఠాత్తుగా నవ్వు ఆపేశారు. లైబ్రరీ వెనక పొగ.

సారు బకెట్‌తో పరిగెత్తారు, వెనక మేమంతా. వేరుశనగ పొట్టు మంట చుట్టూ పలకలు, ఆ పక్కన నాలుగు వరసల్లో మీరు, నేను గీసినట్టే, బొజ్జలకు జాగాతో సహా. సారు బకెట్ ఎత్తేలోపు మీ మొదటి దెబ్బ పడింది. లైబ్రరీ అద్దాలు గలగలమన్నాయి. సారు బకెట్ దించి దాని మీదే కూర్చున్నారు, నీళ్ళున్నాయని కూడా చూసుకోకుండా.

మీరు మళ్ళీ పదహారు దెబ్బలూ కొట్టారు కదా, వాటిని టేపులో పట్టి గంటలో గళ్ళలోకి ఎక్కించాను. గడి నొక్కితే పెద్ద పరీక్షకుడు వెనక్కి తిరిగి, కొట్టిందెవరని వెతికాడు. ఇలాంటి శబ్దం వినలేదన్నాడు. పాసయ్యాను మామా.

నిన్న పొద్దుటి నుంచి తెర మళ్ళీ గీస్తున్నాను. గళ్ళ కింద మంట పెట్టాను. అరగంట వాయిస్తే దెబ్బలు మెల్లగా సల్లబడతాయి. మంట నొక్కి కాగేదాకా ఆగాలి. మీరు గళ్ళను మనుషులనుకోవడం నా అదృష్టం.

మీ శిష్యుడు,
హరినాథ్

తా.క.: కాగే అయిదు నిమిషాలు ఏ గడీ మోగదు. శ్రామికుల విశ్రాంతి హక్కు నా తెర మీద అమలైంది. సారు ఉండబట్టలేక మధ్యలో నొక్కి, మోగడం లేదేమన్నారు. బీడీ తాగుతున్నారని చెప్పాను.

*

రామకుప్పం
19 మార్చి

చిరంజీవి హరినాథప్పకు,

పాసయినావని సదివి రెడ్డెప్ప ఊరంతా సాటినాడు. సంతోషం.

గడి అంటే మనిషి కాదని మాకు మొదటి దినమే తెలుసునప్పా. మా మనవరాలు ప్రీతి కుప్పంలో కంప్యూటరు సెంటర్లో పాఠాలు సెప్తాది. నీ బొమ్మ సూసిన పొద్దే, ఏది యాడ నొక్కేదో అంతా ఇడమరిచి సెప్పింది.

నువ్వొచ్చిన పొద్దు మంట ఎయ్యలేదు నేను. కావాలనే. ఎవురొచ్చినా మొదట సల్ల పలకే వాయిస్తా. "యాల మామా, ఇట్ల మొద్దుగా ఉండాది?" అని అడిగినోడికే నేర్పేది. నువ్వు అడగలేదు. అద్భుతమని టేపు మూసుకోని బస్సెక్కినావు. ఆ దెబ్బలతో నీ సదువు పోతాదని బొమ్మ సూడంగానే తెలిసింది. తెలిసినోడి మాదిరి సెప్తే నువ్వు కొట్లాడతావు. తెలీనోడి మాదిరి రాస్తే ఓపిగ్గా సదివి, జవాబు రాస్తావు. అందుకే మంట యాడ అని అడిగినాను. దానికి కరపత్రం పంపితివి. ఇంక బస్సెక్కక ఏం జేసేది?

ఇప్పుడు మంట గీసినావు. అంటే అడిగినట్టే. ఎప్పుడొస్తావు నేర్చుకునేదానికి? రెడ్డెప్ప పక్కన జాగా ఇడిసినాము.

నీ కోసం చూసే,
వెంకటముని

తా.క.: వచ్చేటప్పుడు కరపత్రాలు ఇంకేమన్నా ఉంటే పట్టుకోని రా. ఈడ మళ్ళీ తుంపర. పుల్లలన్నీ తడిసినాయి.