ఉపవాసానికి మానేసినవి

ప్రియమైన చెల్లి ఇలింకాకు,

ఫోనులో అరిస్తే పెట్టేస్తావు కనక కాగితం మీద అరుస్తున్నాను. మీ వదిన సావెతకు మళ్లీ ముక్కు నుంచి రక్తం. చేతుల నిండా నల్లమచ్చలు. గుండెలో కొత్త కవాటం వేశారు, రక్తం గడ్డకట్టకుండా డాక్టరువి నువ్వు మాత్ర ఇచ్చావు, బాగానే ఉంది. ఈస్టర్ పస్కాకు ముందు చేసే పెద్ద ఉపవాసం మొదలైన దగ్గర్నుంచి ఈ గోలేమిటి? వైద్యుల చేతుల్లో పన్నెండేళ్లు నలిగిన రక్తస్రావం స్త్రీ కథ సువార్తలో ఉంది, చదువుకో.

మండిపోతున్న అన్న,
పంఫీల్

అన్నయ్యా,

చదివాను. ఆ కథలో ప్రభువే ప్రశ్న అడిగాడు, నన్ను ముట్టినదెవరని. నేనూ అడుగుతున్నాను. నా మాత్ర కాక వదిన ఇంకేం వేసుకుంటోంది? కూతురు ఇటలీ నుంచి విటమిన్లు, బలం బిళ్లలు పంపుతోందా? నేనడిగితే ఏమీ లేవంది. నువ్వడుగు, ప్రసంగం చెయ్యకు. రేపే ఆసుపత్రికి తీసుకురా.

నీ ఇలింకా

ఇలింకా,

సిలువ ముందు నిలబెట్టి అడిగాను. "ఏమీ వేసుకోవడం లేదు. ఉపవాసంలో అబద్ధమాడతానా?" అంది. మా ఇంట్లో అవునంటే అవును, కాదంటే కాదు. నీది పోలీసు ప్రశ్న. శుక్రవారం నేను వాక్యం చెప్పే ప్రార్థన కూటం కాగానే తీసుకొస్తాను, అంతకుముందు కుదరదు.

పంఫీల్

అన్నయ్యా,

కూటంలోనే పడిపోయిన వదినకు ఇప్పటికి రక్తం ఆగింది. నర్సులతో పోట్లాడి ఇంటికెళ్లిపోయావు గనక రాస్తున్నాను. ఈసారి ఏం వేసుకుంటున్నావని అడగలేదు, ఉపవాసానికి ఏమేం మానేశావని అడిగాను. మాంసం, జున్ను, గుడ్లు అంటూ వచ్చి, "ఆ ఎముకల బలానికి వేసుకునే గుళికలు కూడా. పైతొడుగు జెలటిన్, అంటే పశువుల జిగురట కదా" అంది. వాటిలో ఉన్న కె విటమిన్ నా మాత్రకు విరుగుడు. ఏడాదిగా మింగుతోందట. అది తెలియక, రక్తం చాలినంత పలచబడడం లేదని నేను మాత్ర మోతాదు పెంచుకుంటూ పోయాను. గుళిక ఆగేసరికి మాత్రకు అడ్డే లేకపోయింది. ఇప్పుడు మోతాదు తగ్గించాను. పస్కా నాడు గుళిక మళ్లీ మొదలుపెడితే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది. ప్రాణం పోతుంది.

ఇలింకా

ప్రియమైన ఇలింకా,

ఇంటికి తెచ్చాక నిలదీశాను. "ఉపవాసానికి ముందు మందులేమైనా వాడుతున్నావా అనే అడిగారు. అది మందా? తిండి. తిండి గనకే మానేశాను" అంటోంది. దీనికి జవాబిచ్చే వచనం కోసం బైబిల్లో పాత, కొత్త నిబంధనలు రెండూ తిరగేశాను, దొరకలేదు. ఒళ్లు మండి, నిన్న కూటంలో వాక్యం పక్కనపెట్టి ఉపవాసానికి ఏమేం మానేశారని అందర్నీ నీ ప్రశ్నే అడిగాను. సగంమంది ఏదో ఒక బిళ్ల పేరు చెప్పారు. వాళ్లను నీ దగ్గరికి తోలుతున్నాను, కసరకు.

రేపే పస్కా. గుళికల సీసా నా కోటు జేబులో ఉంది. మోకాళ్లు నొప్పులని, ఇవ్వమని సావెత వెంటపడుతోంది. ఇశ్రాయేలీయుల్ని పోనివ్వని ఫరోలా గుండె బండ చేసుకున్నానట. చేసుకున్నాను. నువ్వు పోనిమ్మనేదాకా పోనివ్వను.

నీ అన్న,
పంఫీల్