బావ బ్రేకు చప్పుడు

మే 6, 2018, ఆదివారం

వాడిని ఓడించాలి. ఊరికే కాదు, అందరూ చూస్తుండగా ఓడించాలి.

వాడంటే వినోద్. మా అమ్మకి సొంత అన్న కొడుకు, నాకు బావ. డిప్లొమా చదివిన మూడేళ్లూ టెక్కలిలో మా ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరం కలిసే కంప్యూటర్‌లో కార్ రేసులు మొదలెట్టాం. నాన్న చేపలు తూచే పాత బల్లకి స్టీరింగ్ బిగించి, కింద పెడల్స్ పెట్టుకున్నాం. తోలేది వాడు. కార్‌ని తయారుచేసేది నేను. టైర్లలో గాలి ఎంతుండాలి, బ్రేక్ ముందు చక్రాలకెంత, వెనక వాటికెంత, ఏ ట్రాక్‌కి ఏ గేర్లు, అన్నీ నేను కూర్చుని చూసి సెటప్ ఫైల్ చేసిస్తే వాడు గెలిచేవాడు. చదువు అవగానే స్టీరింగూ, పెడల్సూ, నా ఫైళ్లూ సర్దుకుని విజయనగరం చెక్కేశాడు.

ఇవాళ వాళ్ల రేసింగ్ లీగ్ గ్రూపు చూశాను. నా ఫైళ్లన్నీ ‘వినోద్ సెటప్స్’ అని పెట్టుకున్నాడు. జనం కింద దండాలు పెడుతున్నారు. నీకెవరైనా హెల్ప్ చేశారా బ్రో అని ఎవడో అడిగితే, మా మరదలొకర్తి ఉండీది, టీ బాగా ఎడతాది అని రాసి, పక్కన నవ్వు బొమ్మలు.

టీ అంట. అరికాలి మంట నెత్తికెక్కింది.

మే 11

సెకండ్‌హ్యాండ్ స్టీరింగూ, పెడల్సూ దొరికాయి. లీగ్‌లో ‘కోనాం’ అనే పేరుతో చేరాను. నేనెవరో ఎవరికీ తెలీదు. వాడికి కోనాం చేప పులుసంటే ప్రాణం. ముక్కలు తినడమేగానీ దాని పళ్లెప్పుడూ చూసుండడు.

మే 13, ఆదివారం, సాయంత్రం

ఘోరం. ప్రతి ఆదివారం నాలుగింటికి రేసు. అందరూ వాయిస్ రూమ్‌లో ఉండాలని రూలు. మైకు మాత్రం ఎవరిష్టం వాళ్లది. నేను నోరు విప్పితే వాడు గుర్తుపట్టేస్తాడు కాబట్టి నాకు మైకు అక్కర్లేదు. ఫోన్ ఇయర్‌ఫోన్సే పెట్టుకున్నాను. చెమటకి ఒక్కో మలుపుకీ ఒక్కోటి జారిపోయింది. ఫ్యాన్ మోత, అమ్మ మిక్సీ మోత. పక్కనించి ఎవడొస్తున్నాడో వినపడక రెండుసార్లు గోడకి గుద్దాను.

కళ్లు అందరికీ ఉంటాయి. ఇందులో చెవులే ముఖ్యం. మంచివి కొనాలి.

మే 19

శ్రీకాకుళం వెళ్లి గేమింగ్ హెడ్‌సెట్ తెచ్చాను. సెవెన్ పాయింట్ వన్ సౌండక్కా, బుర్ర తిరిగిపోతాది అన్నాడు షాపతను. ఎర్ర లైట్లు కూడా వెలుగుతాయి. పెట్టుకున్నది నేను, లైట్లు ఎవడికి? బుర్ర మాత్రం నిజంగానే తిరిగింది. ఇంజిన్ ధబధబ తప్ప ఇంకేమీ లేదు. టైరు పట్టు వదిలేటప్పుడు సన్నగా ఏడుస్తుంది, అది వినపడాలి నాకు. రేపే తిరిగిచ్చేస్తాను.

మే 27, ఆదివారం

దొరికింది!

నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో ఝాన్సీ అని, పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. తన హెడ్‌ఫోన్స్ అరువిచ్చింది. నల్లగా, బండగా, లైట్లూ మైకూ ఏమీ లేకుండా ఉంటాయి. చెవి మొత్తం కప్పేస్తాయి. పెట్టుకుంటే ఫ్యాన్ లేదు, మిక్సీ లేదు. టైరు ఎక్కడ జారుతోందో, వెనక బండి కుడివైపో ఎడమవైపో, అన్నీ విడివిడిగా వినిపించాయి.

ఇంకోటి కూడా వినిపించింది. కిర్రు. అది వినోద్ పట్టుకుపోయిన నా పెడలే. ఆ బ్రేకు స్ప్రింగు మా ఇంట్లో ఉన్నప్పట్నుంచీ కిర్రుమంటుంది. వినోద్‌కి వాగుడెక్కువ, మైకు ఎప్పుడూ తెరిచే పెడతాడు. వాడు బ్రేకు తొక్కిన ప్రతిసారీ వాడి గదిలోంచి నా చెవిలోకి కిర్రు.

ఇలాంటివే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాను.

జూన్ 3

ధైర్యంగా ఉన్న మలుపులో ఒక్క కిర్రు. భయపడ్డచోట రెండు కిర్రులు, గట్టిగా తొక్కి, వదిలి, మళ్లీ తొక్కుతాడు. వాడు ఏ మలుపుకి భయపడతాడో నాకిప్పుడు తెలుసు. వాడికే తెలీదు.

జూన్ 10

హెడ్‌ఫోన్స్ నొక్కుకుని చెవులు పుండ్లవుతున్నాయని దుద్దులు తీసేశాను. అమ్మ చూసి, బోడి సెవులేటే, ఆడపిల్లవి నువ్వు, తీసీస్తే ఊరుకుంటానా అని ఒకటే గోల. మళ్లీ పెట్టుకున్నాను. రేసప్పుడు తీస్తాను, గెలిచేదాకా అంతే.

ఇవాళ వాడి వెనకే, అతుక్కుని, రెండో స్థానం. ఈ కోనాం ఎవడ్రా బాబూ, దెయ్యంలా ఎంటపడతన్నాడు అని వాయిస్‌లో అన్నాడు. ఆ మాటకి రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

జూన్ 24, ఆదివారం, ఆరు గంటలు

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

భోగాపురం దగ్గర రొయ్యల చెరువు వాళ్లతో పనుందని నాన్న పొద్దున్నే వెళ్లాడు. సాయంత్రం రేసు సగంలో ఉన్నాను. వినోద్ ముందు, నేను వెనక. కిర్రు వినడానికి ఊపిరి బిగబట్టాను. వాడి గదిలో నాన్న దగ్గు వినపడింది. మా నాన్న దగ్గు నాకు తెలీదా?

తర్వాత వినోద్ వాళ్ల నాన్న, గణపతిరావు మావయ్య గొంతు. ఏటి బావా, ఆషాడం రాకముందే మాటనీసుకుందాం, శ్రావణంలో పెళ్లి సేసీద్దాం అన్నాడు. హేమనో మాట అడుగుతానని నాన్న నసిగాడు. అడగడానికేటుంది, మన గుంటే కదా, మేనరికం కాదంటాదేటి అని మావయ్య నవ్వాడు. ఒరే నీకిష్టమేనా అని వినోద్‌ని అడిగారు. వాడు స్టీరింగ్ వదలకుండానే అన్నాడు: ఇష్టమే నాన్నా, అదిక్కడుంటే నా సెటప్‌లన్నీ అదే సూసుకుంటాది, ఇంక నాకు బెంగుండదు.

నేను మలుపు చూసుకోలేదు. కార్ పల్టీలు కొట్టింది.

నా ఫైళ్లు పట్టుకుపోయాడు. ఇప్పుడు నన్ను పట్టుకుపోతాడట. చూస్తాను.

జూన్ 25

అమ్మని నిలదీశాను. మా అన్నయింటికి కాపోతే ఎవులింటికి పంపుతానే, వాడికేటి తక్కువ అంది. చేసుకోనని చెప్పాను. నాన్నకీ చెప్పాను. ముందలాగే అంటారు, తరవాత అదే సర్దుకుంటాది అని ఆయన అమ్మతోనే అన్నాడు, నేను అక్కడ లేనట్టు.

ఇంట్లో వినరా? సరే. ఇంకోచోట చెబుతాను.

జూలై 2

కాలర్‌కి తగిలించుకునే మైకు కొన్నాను. అద్దం ముందు కూర్చుని రిహార్సల్ చేశాను. గొంతు వణక్కూడదు. ఏడుపు అసలు రాకూడదు.

జూలై 7

రేపు లీగ్ ఫైనల్. యూట్యూబ్‌లో లైవ్ వేస్తారు, వాయిస్ రూమ్‌లో మాట్లాడేదంతా అందులో వస్తుంది. కొడుకు గెలవడం చూడ్డానికి మావయ్య హాల్లో టీవీకి పెట్టిస్తున్నాడట. మాటనుకోవడానికి అమ్మా నాన్నా కూడా రేపే వెళ్తున్నారు. అరిసెలూ, చీరా, పండూఫలం అన్నీ సర్దింది అమ్మ. నన్ను రావద్దన్నారు, పిల్ల రాకూడదట.

మంచిదే. పిల్ల ఇక్కడే ఉంటుంది.

జూలై 8, ఆదివారం

దుద్దులు తీశాను. హెడ్‌ఫోన్స్ పెట్టాను. మైకు తగిలించి ఆపి ఉంచాను.

మొదటి ల్యాప్ నుంచీ వాడి వెనకే ఉన్నాను. దాటగలిగినచోట కూడా దాటలేదు. నా బండి వాడి అద్దంలో కనపడుతూ ఉండాలి, అంతే. ఒక్క కిర్రు, ఒక్క కిర్రు, తర్వాత రెండు. ఆఖరి ల్యాప్‌కి ప్రతి మలుపులోనూ రెండే. పొడుగాటి కుడి మలుపులో వాడు ముందే బ్రేక్ వేస్తాడని తెలుసు. నేను వెయ్యలేదు. టైరు సన్నగా ఏడ్చింది, పట్టు వదల్లేదు. లోపలినించి దూరి దాటేశాను. గెలిచాను.

కోనాం బ్రో ఒక్క మాట మాట్లాడు అని అందరూ అరుస్తున్నారు. మైకు ఆన్ చేశాను.

నా పేరు హేమ అన్నాను. వినోద్ పెట్టుకున్న సెటప్‌లన్నీ నేను చేసినవి, పాత ఫైళ్లన్నీ నా దగ్గరున్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు అన్నాను. మావయ్యా, మీ అబ్బాయిని నేను చేసుకోను అన్నాను. నాన్నా, నీకు ముందే చెప్పాను అన్నాను. గొంతు వణకలేదు.

వినోద్ మైకు తెరిచే ఉంది. లైవ్ కొంచెం ఆలస్యంగా వస్తుంది కదా, కాసేపటికి నా మాటలే మావయ్య హాల్లో టీవీలోంచి వాడి మైకు ద్వారా మళ్లీ నాకు వినిపించాయి. నా పేరు హేమ. నా గొంతు నాకే కొత్తగా ఉంది. చేసుకోను అన్నచోట ఏదో పళ్లెం కిందపడింది. ఆ తర్వాత అమ్మ ఏడుపు.

హెడ్‌ఫోన్స్ మంచివి. ఏడుపులో ఎక్కడ ఊపిరి పీల్చిందో కూడా వినపడింది. అది వినాలని నేను కొనలేదు.

జూలై 9

నా పుట్టింటి గడప నాకు లేకుండా సేసినావు కదే అంది అమ్మ. తిట్టినా బాగుండేది.

వినోద్ విషయంలో నాకు రవ్వంత బాధ లేదు. అమ్మ విషయంలో ఉంది. రెండూ నిజమే.

జూలై 13

నాన్న ఇవాళ అన్నం తింటూ, తల ఎత్తకుండా అమ్మతో అన్నాడు: పిల్ల వొద్దన్నా మాటిచ్చీసింది మనమే, దాన్నేటంటావు? గణపతికి నేను సెప్పుకుంటాను. ఇంకెత్తకు ఆ మాట.

నాకు కోనాం ముక్క ఇంకోటి వేశాడు.

జూలై 22, ఆదివారం

వినోద్ మెసేజ్. హేమగారూ అని మొదలెట్టాడు. వచ్చే ఆదివారం కొత్త ట్రాక్‌ట, సెటప్ ఏమిటో కొంచెం చెప్పగలరా అని.

చెప్పాను. టైర్లలో గాలి దగ్గర్నుంచి ఆఖరి గేరు దాకా అన్నీ తప్పు. చివర్లో ఆల్ ద బెస్ట్ బావా అని కూడా పెట్టాను.