నడి ఏట్లో ఆగే మోటారు

బుడ్డోడా,

అమ్మ రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే నీ గొంతు వినగానే పోయిన మీ అన్న గుర్తొస్తాడు. నేనేడిస్తే నువ్వూ ఏడుస్తావు. ఇద్దరం ముక్కు తుడుచుకుని పెట్టేస్తాం, మోటారు సంగతి అలాగే ఉండిపోతుంది. అందుకే కాగితం. అక్షరాలు వంకర, సర్దుకో.

జనాన్ని ఏరు దాటించే అన్న పడవ మోటారుకి ఒంట్లో బాగాలేదు. తాడు లాగితే లేస్తుంది, కాసేపు బుద్ధిగా డుబుడుబుమంటుంది. తర్వాత దగ్గి, ఆయాసపడి, వణికి ఆగిపోతుంది. కాసేపాగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. నెలాఖరుకి పడవ సరిగ్గా తిరక్కపోతే రేవు బోర్డు మీద అన్న పేరు చెరిపేసి, ఆ చోటు వేరే పడవకి ఇస్తానన్నాడు రేవు ఆఫీసరు. ఆ జ్వరం వాణ్ణి తీసుకుపోయాక వాడి పేరు మిగిలింది అక్కడొక్కచోటే. నువ్వు లారీలు బాగుచేసేవాడివి, ఇదెంత నీకు. ఏం చెయ్యాలో రాయి.

ఇట్లు,
అమ్మ

ఇంకో మాట: మీ వదిన ఎవరితోనూ మాట్లాడటం లేదు. మోటారే నయం, కాసేపైనా వాగుతుంది.

---

అమ్మకు,

అమ్మేద్దాం అందామనుకున్నాను, నువ్వు వినవు. సరే. మోటారు పైమూత తీసి ప్లగ్గు విప్పు. మసి ఉంటే గీకి, పెట్రోలుతో కడిగి ఆరబెట్టు. ట్యాంకులో పెట్రోలు కొంచెం గాజుగ్లాసులో పట్టి చూడు, అడుగున నీళ్ళు తేరితే అంతా పారబోసి కొత్తది పొయ్యి. కింద ఫ్యానుకి నాచు చుట్టుకుందేమో చూడు. పెద్ద పీపాలో నీళ్ళు పోసి, మోటారు అందులోనే తిప్పి చూడు. ఏట్లోకి వద్దు.

నీ కొడుకు

తా.క. కవరు మీద బుడ్డోడు అని రాయకు. షెడ్డులో అందరూ చదివారు. మేస్త్రీ నన్ను అలాగే పిలుస్తున్నాడు.

---

బుడ్డోడా,

కవరు మీద ఈసారి బుడ్డోడు గారికి అని రాశాను. ఇంక ఎవరూ నవ్వరు.

ప్లగ్గు కడిగి మేడ మీద ఎండబెట్టాను. కాకి ఎత్తుకుపోయి పక్కింటి గోడ మీద పడేసింది. నిచ్చెనేసి తెచ్చుకున్నాను. పెట్రోలు గ్లాసులో పట్టి కిటికీలో పెడితే పక్కింటాయన ఇంకేదో అనుకుని చెయ్యి చాచాడు. సమయానికి చూశాను, లేకపోతే ఆయన కూడా డుబుడుబుమనేవాడు. నీళ్ళు లేవు, నాచూ లేదు.

తల కొట్టేసినట్టయిన సంగతి ఇప్పుడు చెప్తా. మోటారు వెనక చిన్న కన్నం ఉంది. అందులోంచి సన్నగా ధార పోస్తోంది, చంటిపిల్లాడిలా. ఆడవాళ్ళు కూర్చున్న పడవ. టీచరమ్మ గొడుగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పాత తువ్వాలు చింపి ఆ కన్నంలో కుక్కేశాను.

ఇట్లు,
అమ్మ

ఇంకో మాట: కుక్కాక ధార ఆగింది. మోటారు మాత్రం పొగలు కక్కుతోంది. సిగ్గుపడిందనుకుంటా.

---

అమ్మకు,

ముందు ఆ గుడ్డ తీసెయ్. తీసొచ్చి మిగతాది చదువు.

తీశావా. ఆ ధారే మోటారుకి ప్రాణం. ఏటి నీళ్ళు లోపలికి లాగి, ఇంజను చల్లబరిచి, బయటికి పోస్తుంది. ఆగితే ఇంజను కాలిపోతుంది. పోస్తుంటే సంతోషించాలి.

నేను పీపాలో తిప్పమన్నాను. పీపాలోకి టీచరమ్మ ఎలా వచ్చింది? పడవ నడిపేది ఎవరు? వదినా? బిందెలో చెయ్యి పెట్టాలన్నా భయపడే మనిషి. ఎలా పంపావమ్మా.

నీ కొడుకు

తా.క. "బుడ్డోడు గారూ, అమ్మగారు గుడ్డ తీశారా" అని మేస్త్రీ పూటపూటా పోరుతున్నాడు.

---

బుడ్డోడా,

గుడ్డ తీశానని మేస్త్రీ గారికి చెప్పు. టీచరమ్మకి ధార సంగతి అర్థమయ్యేట్టు చెప్పాను. ఇప్పుడు రోజూ వంగి చూసి, "ఇవాళ బాగా పోస్తోందండీ" అంటోంది.

మీ వదినని ఏట్లోకి పంపుతానా, ఎంత మాటన్నావు. ఆ పిల్ల వాకిలే దాటడం లేదు.

మోటారు మళ్ళీ నడి ఏట్లో ఆగింది. నీటి వాలుకి పడవ పక్కకి కొట్టుకుపోయింది. కూరగాయలావిడ బుట్ట కావలించుకుని, "నన్ను ముంచినా పర్లేదు, టమాటాలు ముంచకు" అని ఒకటే గోల. తెడ్డేసి ఒడ్డుకి తేవడం అయింది. ఆఫీసరు అంతా చూశాడు. ఇంకొక్కసారి ఆగితే నెలాఖరు దాకా చూడను, పేరు చెరిపేస్తానన్నాడు.

ఇట్లు,
అమ్మ

ఇంకో మాట: నడిపేది ఎవరంటావా. నేనే. ఇన్నేళ్ళు పడవ ముందు కూర్చుని, టిక్కెట్లు చింపుతూ, వాడి చేతులు చూస్తూనే ఉన్నాను కదా. వాడి కాళ్ళ వెనకుండే ట్యాంకు దగ్గర ఏం చేసేవాడో అదొక్కటే కనబడేది కాదు.

---

అమ్మకు,

నీ ఇంకో మాట చదివి షెడ్డులో నేల మీద కూలబడ్డాను. మేస్త్రీ మంచినీళ్ళిచ్చాడు. మోకాళ్ళ నొప్పులని గుడి మెట్లెక్కనంటావే, నువ్వా పడవ నడిపేది? తిడుతూ రాసిన కాగితాలు నాలుగు చింపేశాను.

ట్యాంకు అన్నాక తట్టింది. మూత మీద గాలి దూరడానికి చిన్న మర, స్క్రూ లాంటిది, ఉంటుంది. నడిపేటప్పుడు వదులు చెయ్యాలి. బిగించి ఉంటే లోపలికి గాలి దూరదు, పెట్రోలు బయటికి రాదు, మోటారు కాసేపు తిరిగి ఆగిపోతుంది. చూడు.

నీ కొడుకు

తా.క. నీకు ఈత వచ్చా?

---

బుడ్డోడా,

మర బిగించే ఉంది. వదులు చేసి ఏరు దాటాను, తిరిగొచ్చాను, మళ్ళీ వెళ్ళాను. ఒక్క దగ్గు లేదు. ఆఫీసరు నోట్లో పుల్ల జారి కింద పడింది. బోర్డు మీద పేరు అలాగే ఉంది.

కానీ మర్నాడు చూస్తే మర మళ్ళీ బిగించి ఉంది. ఆ మర్నాడూ అంతే. ట్యాంకు రోజూ ఇంటికి తెచ్చి వసారాలో పెడతాను. అంటే ఇంట్లోవాళ్ళ పనే. సాయంత్రం తలుపు చాటున నిలబడ్డాను. మీ వదిన వచ్చింది. మూత తీసింది, వంగి వాసన చూసింది, మూత పెట్టి మరని బలంకొద్దీ బిగించింది.

"ఏంటమ్మా ఇది" అన్నాను.

"ఆయన వాసన అత్తయ్యా. వదులుగా ఉంటే పోతుంది" అంది. ఇన్నాళ్ళకి నోరు విప్పింది. వాడున్నప్పుడు ఆ పెట్రోలు కంపుతో లోపలికి రావద్దని గుమ్మంలోనే చొక్కా విప్పించేది ఈ పిల్లే.

పైగా నా మీదే కోపం. "మీరు రోజూ ఏట్లోకి పట్టుకెళ్ళి తగలేస్తున్నారు" అంది. నువ్వు బిగించిన మర వల్లే మేం మునగబోయాం అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మూత తీసి నేనూ వాసన చూశాను. నిజమేరా, వాడే.

ఆ ట్యాంకు ఇంక ఆమెది. పొయ్యికి దూరంగా, పెరటి కొట్లో, అడుగున కొంచెం పెట్రోలు ఉంచి, మర బిగించి పెట్టాం. పడవకి వేరే ట్యాంకు పట్టుకురా. టిక్కెట్లు తాను ఇస్తానంది, ఒడ్డు మీద నిలబడే.

ఇట్లు,
అమ్మ

ఇంకో మాట: ఈత రాదు. టీచరమ్మ నేర్పుతానంది. నువ్వు కంగారుపడి తిండి మానకు. వేళకి కడుపునిండా తిను.