నలభై ఒకటో నంబరు ప్లాటు

అక్టోబరు 12, ఉదయం
మా ఆయన ధనుంజయ, నేను ప్లాటు చూసి వచ్చాం. తిరుచానూరు అవతల, నలభై ఒకటో నంబరు. వానకు మట్టి మెత్తబడింది. వంటగది ఎక్కడ వస్తుందో ఆయన కాలితో గీసి చూపించారు. ఆ గీతల్లో నిలబడ్డాను. ఎక్కడినుంచో పచ్చి కొత్తిమీర వాసన. చుట్టూ చూస్తే హద్దురాళ్లు తప్ప ఏమీ లేవు.

అక్టోబరు 14
నేను వార్డెన్‌గా ఉన్న లేడీస్ హాస్టల్ మెస్‌కు పదేళ్లు ఆకుకూర తెచ్చిన అలివేలమ్మ బస్టాండు దగ్గర కనబడింది. వేసవి నుంచి రావడం లేదు. లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోందట. ఆమె కౌలు మడి ఎక్కడని ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అడిగాను. మా లేఅవుట్ పేరే చెప్పింది.
నా ప్లాటు సంగతి చెప్పలేకపోయాను.

నవంబరు 27
తుపాను.

నవంబరు 28
కనుమ దారి తెగిపోయింది. మదనపల్లె నుంచి కూరగాయల లారీలు రాలేదు. మార్కెట్‌లో గంపలన్నీ బోర్లించి ఉన్నాయి. నూట ఇరవై మంది అమ్మాయిలకు మూడు పూటలుగా ఊరగాయ, మజ్జిగే. ఇంత పెద్ద ఊరికి తన పంట అంటూ ఏమీ లేదా మేడమ్ అని వాళ్లలో పూజిత అడిగింది. ఉండేది అన్నాను.

నవంబరు 29, మధ్యాహ్నం
అలివేలమ్మ గోనెసంచితో గేటు దగ్గరికి వచ్చింది. పాత మడిలో తోటకూర తనంతట తనే మొలిచిందట, కోసుకుందాం రమ్మంది. వెళ్లాను. సన్నటి తుంపర. సిమెంటు రోడ్డు మీద ఆమె నేరుగా నడవలేదు. లేని గట్ల మీద నడిచింది. ఒకచోట కాలెత్తి దాటింది. ఏముందని అడిగాను.
"ఈడ కాలవ ఉండాది గదమ్మా!"
నేనూ కాలెత్తి దాటాను.
మా ప్లాటు నిండా తోటకూర, మోకాలెత్తున. కోస్తూ కోస్తూ చెప్పేశాను, ఇది నాదేనని. ఆమె చెయ్యి ఆగలేదు.
"తెలుసమ్మా. ఆ పొద్దు మీరిద్దరూ ఈడ నిలబడి ఉంటే సూసినాను. అడక్కుండా కోస్తే దొంగతనం గదా, అందుకే నిన్ను పిలిసినాను."
ముఖం ఎత్తలేకపోయాను. తుంపర ఉంది కాబట్టి సరిపోయింది.

డిసెంబరు 1
పునాదికి ముగ్గు పోస్తానని మేస్త్రి మునిరత్నం ఫోన్ చేశాడు. వద్దన్నాను. ఆ నేల అలివేలమ్మకు సాగుకు ఇద్దామని ధనుంజయతో అన్నాను. ఒక్క ప్లాటుతో తిరుపతి కడుపు నిండుతుందా అన్నారు. నిండదు. నాకూ తెలుసు.

డిసెంబరు 2
అలివేలమ్మే ఒప్పుకోలేదు. "వాన పోతే నీళ్లు యాడివమ్మా? బావి పూడ్సేసినారే."

డిసెంబరు 17
మూడు రోజుల కిందట, ఇంటి కోసం అనుకున్న బోరు ముందే వేయిద్దామన్నాను, మడికి. ధనుంజయ రెండు రోజులు ఖర్చు లెక్కలు వేశారు. ఇవాళ తనే వెళ్లి బోరు బండి మాట్లాడి వచ్చారు.

డిసెంబరు 21
నీళ్లు పడ్డాయి. అలివేలమ్మ దోసిలి పట్టి తాగింది. ఇల్లు ఎప్పుడు మొదలుపెడదాం అని ధనుంజయ నన్ను అడిగారు. నేను ఆమె వైపు చూశాను.
ఆమె తడిమట్టి పిసికి చూస్తోంది.
"ముందు మెంతాకు" అంది.