నోరు మూసుకుని చేసే పరిశోధన

సోమవారం, పొద్దున
ఇవాళ్టి నుంచి మొదలు! మానసిక జబ్బుతో బతుకుతున్నవాళ్ళని అడగాల్సింది ఒకటే: "కోలుకోవడమంటే మీకేంటి?" అడిగి, రికార్డరు నొక్కి, నోరు మూసుకోవాలి. సలహా ఇవ్వకూడదు. జాలి పడకూడదు. చాలా తేలిక. మా అక్కకీ ఈ జబ్బే కాబట్టి నాకు అంతా తెలుసు.

సోమవారం, సాయంత్రం
బస్సు డ్రైవరు గారిని కలిశా. జబ్బు చేశాక డిపోలో కూర్చోబెట్టారట.

"స్టీరింగు ఇవ్వరులెండి. ఎవరైనా బండి వెనక్కి తీసేటప్పుడు నన్ను వెనకాల నిలబడి 'రానీ, రానీ' అననిస్తే చాలు."

బ్రహ్మాండంగా చెప్పారు. పొద్దున్నే నడిస్తే మంచిదని ఆయనకి చెప్పి వచ్చా. అది సలహా కాదు, మర్యాద.

బుధవారం
టైలరమ్మ: "కుట్టు వంకర పోతే నన్ను మునుపట్లా తిట్టాలమ్మా. జబ్బని తెలిశాక ఏం కుట్టిచ్చినా బావుందని పట్టుకుపోతున్నారు."

ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీ కుట్టు చాలా బావుంటుందండీ" అన్నా. ఆవిడ నావంక అదోలా చూసింది. అలసిపోయుంటుంది.

శుక్రవారం
నా పరిశోధన గైడు మేడం రికార్డింగులు విన్నారు. "ఇంతకీ జబ్బు ఎవరికి? మాట్లాడేదంతా నువ్వేగా" అన్నారు. మీ అక్కని అడిగావా అన్నారు. అక్కని అడిగేదేముంది? ఇంట్లోనేగా ఉండేది.

శనివారం
అడిగా. అక్క బట్టలు మడతపెడుతోంది.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అంది. చేతిలో చొక్కా మడతపెట్టి, "నేను గట్టిగా నవ్వగానే నువ్వూ అమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, మళ్ళీ మొదలైందేమోనని. అది మానేస్తే చాలే. నవ్వు పూర్తిగా నవ్వనివ్వండి" అంది.

"మేమెప్పుడు చూసుకున్నాం?" అన్నా.

అక్క ఇంకో చొక్కా తీసుకుంది. గదిలోకొచ్చి ఏడ్చా. నేను వాదించింది కూడా రికార్డరులో పడింది.

ఆదివారం
భోజనాల దగ్గర రికార్డరు బల్ల మీద పెట్టా. గరిటె జారి, కూరంతా దాని మీదే పడింది. అక్క పడీపడీ నవ్వింది.

అమ్మ వైపు చూడకూడదనే అనుకున్నా. చూశా. అమ్మ అప్పటికే నావైపు చూస్తోంది. అక్క నవ్వు సగంలో ఆపేసి, తుడవడానికి గుడ్డ తెచ్చింది.

రేపటి నుంచి మళ్ళీ మొదలు. అక్క నవ్వితే అక్క వైపే చూడాలి. చాలా తేలిక.